రికార్డు రెండోవైపు

మొన్న అల్మారా సర్దుతుంటే తాతయ్య గ్రామఫోన్ రికార్డు దొరికింది. ఒకవైపు అరిగి తెల్లబారింది. రెండోవైపు కొత్తదానిలా మెరుస్తోంది.

అరవైల చివర్లో మాకు రాజాంలో ధాన్యం కొట్టుండేది. సంతరోజున తాతయ్య గుమ్మంలో గ్రామఫోన్ పెట్టి, పక్కూరి రైతు ఒకాయన కట్టి పాడిన ఆ రికార్డు వేసేవాడు. వెట్టిచాకిరీ మీద పాట వినడానికి జనం మూగేవారు.

“రెండో పక్క ఎయ్యి, సావుకారూ!” అని రైతులు నవ్వేవారు.

“ఆ పక్క పాటల్లేవు” అనేవాడు తాతయ్య.

నేను నమ్మాను. “ఏటలా నవ్వుతారు? ఖాళీ పక్క ఎలాగ పాడతాది?” అని వాళ్ల మీద కోప్పడేదాన్ని.

నిన్న ఆ వైపు వేశాను. ధాన్యం కొనేటప్పుడు కుంచం మీద గోపురం కట్టి, అమ్మేటప్పుడు అరచేత్తో చదును చేసేసే సావుకారు మీద పాట. మంచి పాటే.

“ఏం పాట, అమ్మమ్మా?” అంటూ మనవరాలు గదిలోకి రాగానే ముల్లు ఎత్తేశాను.