పెరుగన్నంలో మాత్ర

హజరాబీ దొంగ అని జమ్మలమడుగు బజారులో అందరూ వినేట్టు అన్నవాడు హెడ్మాస్టరు యజ్ఞనారాయణ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండాకాలం. "డాక్టరిచ్చిన మాత్రలు అమ్ముకోని మాకు సుద్దముక్కలిచ్చింది. మా కుక్క అందుకే చచ్చింది" అన్నాడు. ఆయన వెనక కూరల సంచి పట్టుకుని నిలబడ్డ మేనల్లుడు సీతాపతికి అది అబద్ధమని తెలుసు. సంచి చెయ్యి మార్చుకుని మామ వెనకే నడిచాడు.

హజరాబీ మొగుడు జట్కా తోలేవాడు. అతను పోయాక గుర్రాన్ని అమ్మేశారు గానీ, గుర్రానికి మందు మింగించిన చెయ్యి ఆమెకు మిగిలింది. ఊళ్లో ఎవరి కుక్కకో పిల్లికో పశువుల డాక్టరు మాత్రలు రాస్తే ఆమెకు కబురు వెళ్లేది. పిల్లినైతే తల ఒక్కటి బయట ఉంచి గోనెగుడ్డలో చుట్టేది. కుక్కనైతే మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పై దవడ ఎత్తి, మాత్రను నాలుక మొదట్లోకి తోసి, మూతి మూసి గొంతు నిమిరేది. "ముక్కు నాక్కునేదాకా ఇడ్సకూడదు. నాక్కున్యాదంటే మింగినట్టే" అనేది. ముంజేతుల నిండా గోళ్ల గీతలు. కూలి దోసెడు జొన్నలు.

యజ్ఞనారాయణ ఇంటి కుక్క కరియకు కడుపులో పురుగులు పడ్డాయి. డాక్టరు రోజుకొకటి చొప్పున తొమ్మిది మాత్రలు హజరాబీ చేతికిచ్చి పంపాడు. మొదటిది ఆమె పెరట్లో చిటికెలో మింగించింది. ఆ పైన చెయ్యి కడుక్కోవడానికి బావి దగ్గరి చెంబు ముట్టుకుంది. హెడ్మాస్టరు భార్య విశాలాక్షి చూడనే చూసింది.

"కుక్క నోట్లో పెట్టిన చెయ్యి! ఇల్లంతా ఎంగిలి చేస్తావా ఏంది? ఆ మాత్రలు అరుగు మీద పెట్టిపో. మేమే ఇచ్చుకుంటాం."

"నోట్లో ఏలు పెట్టకుండా ఎట్లిస్తావమ్మా?"

"పెరుగన్నంలో కలిపి."

హజరాబీ పకపకా నవ్వింది. "అది శానా తెలివైంది తల్లీ. అన్నం తిని మాత్ర పక్కన పెడ్తాది, మీ అయ్యోరు కరేపాకు ఏరినట్టు."

"నువ్వా నాకు చెప్పేది? పో అవతలికి!" విశాలాక్షి పెరటి తలుపు వేసేసింది.

మిగిలిన ఎనిమిది మాత్రలూ పెరుగన్నంలోనే పెట్టారు. రోజూ గిన్నె ఖాళీ అవుతుంటే విశాలాక్షి సంతోషపడింది. పదో రోజు కరియ చచ్చిపోయింది.

అది పడుకునే గోనె తీసి పారెయ్యమని సీతాపతికి చెప్పారు. గోనె కింద, గోడ మూల, ఎనిమిది మాత్రలు. పెరుగు ఎండి నేలకు అతుక్కుని ఉన్నాయి. వాటిని గుప్పిట పట్టుకుని వంటింటి గడప దాకా వెళ్లాడు. లోపల అత్త ఏడుస్తోంది. "నా చేత్తో నేనే ఇచ్చినా కదండీ. అవి మాత్రలై ఉండవు." మామ అంటున్నాడు, "అంతే. సుద్దముక్కలే."

సీతాపతికి తల్లీ తండ్రీ లేరు. ఎస్సెల్సీ తప్పి ఆ ఇంటి అన్నం తింటున్నాడు. ఆ ఇంటి బీరువాలో పుస్తకాలన్నీ చదివి, నిజం ఎంత గొప్పదో నోటుబుక్కు నిండా ఎత్తి రాసుకున్నాడు. గడప దాటలేకపోయాడు. పెన్నకు పోయి ఇసుకలో మాత్రలు పూడ్చి వచ్చాడు. మర్నాడు బజారులో మామ అరిచినప్పుడు అతని గోళ్లలో ఇంకా ఇసుక ఉంది.

తర్వాత హజరాబీని ఏ ఇల్లూ పిలవలేదు. నాలుగు నెలలు చూసి, ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలు అమీనాబీ దగ్గరికి వెళ్లిపోయింది. సీతాపతికి పులివెందులలో గుమాస్తా పని దొరికింది. మామకు భయపడే అవసరం తీరిపోయింది. అయినా చెప్పలేదు. ఉత్తరం రాయడం, చించడం. అట్లా ఆరేళ్లు.

ఒకరోజు పని మీద ప్రొద్దుటూరు పోతే, నూనె మిల్లు ముందర, పదిమంది ఆడవాళ్ల మధ్య శనక్కాయలు ఒలుస్తూ హజరాబీ కనిపించింది. చూపు మందగించింది. అతను పలకరిస్తే గొంతును బట్టి గుర్తుపట్టి, "నువ్వాప్పా, బాగుండావా?" అంది. అతను పక్కన గొంతుక్కూర్చుని, మిగతావాళ్లకు వినబడకుండా, గోనె కింద దొరికిన మాత్రల సంగతి చెప్పాడు. తను దాచిన సంగతీ చెప్పాడు.

ఆమె చేతులు ఆగలేదు. ఒలిచిన గింజలు చేటలో వేసి, అతని వైపు తిరక్కుండానే మాట్లాడింది. ఆ తర్వాత అతను ఆమెను మళ్లీ చూడలేదు.

"నాకెందుకప్పా చెప్తాండావు? నేను దొంగతనం చెయ్యలేదని నాకు తెలీదా? జమ్మలమడుగుకు పో. ఇల్లిల్లూ తిరిగి చెప్పు. నేను యాడ యాడ తిరిగినానో నీకు తెలుసు గదా."