బాపు ఉండకూడని పేజీ

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో మనిషికి తన గురించి తాను చెప్పుకునే అవసరం పెద్దగా పడేది కాదు. ఎవరైనా "నువ్వెవరు బిడ్డా" అని అడిగితే "ఫలానా బాయిలో టింబర్‌మెన్ కొడుకుని" అంటే సరిపోయేది. (బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. టింబర్‌మెన్ అంటే లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి.) ఆపైన అడిగినవాళ్లే మా క్వార్టర్ నంబరు, మా అవ్వ పుట్టినూరు, మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో కూడా చెప్పేవాళ్లు. అలాంటి ఊళ్లో పెరిగిన నా నెత్తిన, ఇవాళ ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలకు సీవీ రాయడం నేర్పే పని పడింది. ఏటా ఫైనలియర్ పిల్లలవి కట్టలు కట్టలుగా చదువుతాను. అందరూ కష్టపడి పనిచేస్తారు, అందరూ పదిమందితో కలిసిపోతారు, అందరి హాబీ పుస్తకాలు చదవడమే (ఏ పుస్తకమని అడిగితే మాత్రం నా చెప్పుల వంక చూస్తారు). చదివి చదివి కళ్లు మండుతాయి, నడుం పట్టేస్తుంది. ఎవడో ఒకడి మీద అరుద్దామని నోరు తెరుస్తాను. అంతలో నా మొదటి సీవీ గుర్తొచ్చి, తెరిచిన నోటితో ఆవులించి ఊరుకుంటాను.

నేను జియాలజీలో ఎమ్మెస్సీ ముగించి, ఎనిమిది నెలలుగా ఇంట్లో మంచానికి భారంగా ఉన్న కాలమది. బాపుకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. చదువుకుని ఖాళీగా ఉన్న మా కాలనీ కొడుకులకు కనిపించే దారి ఒకటే. తండ్రి మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి, గనిలో పనికి ఒళ్లు సహకరించదని డాక్టర్లు తేల్చాలి, అప్పుడు కొడుక్కి నౌకరి వస్తుంది. దీన్ని అందరూ 'అన్‌ఫిట్ కావడం' అనేవారు. పెళ్లి కావడం, తండ్రి కావడంలా అదీ ఒకటన్నట్టు. బాపుకు ఈ దారి పడేది కాదు. "నేను దిగిన, సాలదా? ఇంటికొకడు దిగాలెనని రాసి పెట్టుందా?" అనేవాడు. అవ్వ మాత్రం ఉన్న నౌకరి కాళ్లతో తన్నుకోవద్దని పోరేది. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. క్రిస్మస్ లోపల నాకు బయట ఏదైనా దొరికితే సరి. దొరక్కపోతే కొత్త సంవత్సరంలో బాపు బోర్డుకు అర్జీ పెడతాడు, నేను దీపం టోపీ పెట్టుకుని బాపు దిగిన బాయిలోనే దిగుతాను. ఈ ఒప్పందం జరుగుతున్నప్పుడు నేను అక్కడే కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాను. నన్నెవరూ అడగలేదు.

అప్పుడు పేపర్లో పడింది ఆ ప్రకటన. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో గని కప్పుల రాళ్ల మీద పరిశోధన, దానికి ప్రాజెక్టు అసిస్టెంట్ కావాలి, పని బాగుంటే పీహెచ్‌డీకి కూడా అవకాశం. 'పూర్తి కరికులం విటేతో దరఖాస్తు చేసుకోవాలి' అని ఉంది. నేను చౌరస్తాలోని ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి, ఒక సీనియర్ సీవీ సంపాదించి, పేరు మార్చి ప్రింటు తెచ్చాను. (పేరు మార్చాను కానీ హాబీలు మార్చలేదు. దాని ప్రకారం నేను గజ ఈతగాణ్ని.) బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిట్ల గాదు, కాక దగ్గరికి పోదాం నడువు" అన్నాడు.

కాక అంటే అర్జీ కాక. గని ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. సెలవు కావాలన్నా, క్వార్టర్ మారాలన్నా, దవాఖానకు చీటీ కావాలన్నా మా కాలనీకి ఆయన రాతే దిక్కు. ఆయన రాసిన అర్జీ తిరిగి రాలేదని పేరు. కళ్లద్దాలు సవరించుకుని నా కాగితం చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత అడిగాడు, "ఇండ్ల మీ బాపు ఏడున్నడు?"

"బాపు ఎందుకు కాకా? నౌకరి నాకు గద" అన్నాను.

"నువ్వెవరో ఆ దొరకు ఎట్ల తెలుస్తది? మొన్ననే కాలేజీల నుంచి బయటవడ్డవు. నీకేమున్నది చెప్పుకోను? మీ బాపుకున్నది సర్వీసు. సర్వీసున్నోని పేరు ముందు వెట్టాలె." ఇది ఆయన మొదటి సూత్రం. రెండోది, కాగితంలో ఖాళీ జాగా వదిలితే ఆఫీసరుకు అనుమానం వస్తుంది. మూడోది, చదివినవాడి మనసు కరగాలి. నాకు మాత్రం ఏం తెలుసు? ఆయన చెబుతుంటే, ఎమ్మెస్సీ చదివినవాణ్ని, బుద్ధిగా తలూపుతూ రాసుకున్నాను.

అలా తయారైంది నా సీవీ, నాలుగు పేజీలు. మొదటి పేజీలో బాపు పేరు, కోడ్ నంబరు, గని, హోదా, చేరిన తేదీ. 'అనుభవం' అన్నచోట ముప్పై ఒక్క సంవత్సరాలు. రెండో పేజీలో బాపు ఏ ఏడు ఎన్ని మస్టర్లు చేశాడో (అంటే ఎన్ని రోజులు గనిలో దిగాడో) పట్టిక. మూడో పేజీలో మా కుటుంబం మొత్తం, అవ్వ బీపీతో సహా. నాలుగో పేజీలో 'ఇతర వివరములు' కింద నా ఎమ్మెస్సీ, ఒక్క వరుస. దాని కింద నా పుట్టుమచ్చలు. ఆపైన మా చర్చి అయ్యగారు ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు, చివర్న బాపు వేలిముద్ర. బాపుకు సంతకం వచ్చు. అయినా వేలిముద్రకు విలువ ఎక్కువని కాక వేయించాడు.

బాపు ఆరోగ్యం సంగతి వచ్చేసరికి కాక చెప్పడం ఆపి, "దీంట్ల మంచిగున్నదని రాద్దామా?" అని అడిగాడు. బాపు మంచిగనే ఉందని రాయమన్నాడు. 'నేటివరకు ఎట్టి అనారోగ్యము లేదు' అని రాసుకున్నాను. ఆ పని కాగానే కాక ఇంకో తెల్లకాగితం తీశాడు. నౌకరి రాకపోతే బోర్డుకు పెట్టాల్సిన అర్జీ అది, తేదీ మాత్రం వదిలి ముందే రాసి పెట్టుకుంటానన్నాడు. నన్ను చాయ్ తెమ్మని పంపారు. తిరిగొచ్చి చూస్తే సగం పేజీ నిండి ఉంది. మోకాళ్లు అని, చెవి అని, ఆయాసం అని ఏవేవో కనిపించాయి. ఒకే పూట, ఒకే మనిషిని, ఒక కాగితంలో ఉక్కుమనిషిని చేసి ఇంకో కాగితంలో మంచాన పడేసిన కాక నేర్పుకు ముచ్చటపడి, ఆయన గ్లాసులో చాయ్ కొంచెం ఎక్కువ పోశాను.

చిత్రంగా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. (నా సీవీని అందరికీ చూపించాలనే పిలిచారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.) బాపు సెలవు పెట్టి, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని నాతో బస్సెక్కాడు. అక్కడ ల్యాబు మూడో అంతస్తులో ఉంది. బాపు మెట్ల వైపు ఒకసారి చూసి, "నువ్వు పోయిరా, నేను ఈడనే కూసుంట" అని కింద బెంచీ మీద కూర్చున్నాడు. పెద్ద చదువుల వాళ్ల మధ్యకు రావడానికి మొహమాటపడుతున్నాడనుకున్నాను.

గదిలో ప్రాజెక్టు నడిపే మేడమ్, పక్కన ఒక సారు. మేడమ్ నా నాలుగు పేజీలూ నెమ్మదిగా తిప్పింది.

"అనుభవం ముప్పై ఒక్క ఏళ్లు అని ఉంది. నీ వయసు ఇరవై మూడు."

"అది మా నాన్నది మేడమ్."

"ఈ మస్టర్ల పట్టిక?"

"అదీ మా నాన్నదే."

"ఎడమ భుజం మీద పుట్టుమచ్చ?"

"లేదు మేడమ్, అది నాదే."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. "మేడమ్, ఈ తండ్రిని తీసుకుందాం, మనకు ఇంత అనుభవమున్న మనిషి మళ్లీ దొరకడు" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. నీ గురించి చెప్పమంది. నేను గొంతు సవరించుకుని "మా నాన్నగారు..." అని మొదలుపెట్టాను. అప్పుడు ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వు వినగానే నాకు గని, దీపం టోపీ, కొత్త సంవత్సరం వరసగా కళ్లముందు తిరిగాయి. ఏడుపొచ్చింది కూడా. ఆమె ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, "నీ తర్వాత ఇంకా ముగ్గురున్నారు. ఈలోగా ఒక్క పేజీ రాసి తీసుకురా. ఇందులో మీ నాన్న ఉండకూడదు" అంది.

మూడంతస్తులు దిగి వచ్చి బాపు పక్కన కూలబడ్డాను. సంగతి విని బాపు ఆశ్చర్యపోయాడు. "అండ్ల అన్ని రాసినం గద, ఇంకేం గావాలెనట?"

"నా గురించి కావాలెనట. నువ్వు ఉండొద్దట."

బాపు లేచి, నాకు కుడివైపున్నవాడు ఎడమవైపుకు మారి కూర్చున్నట్టు గుర్తు. మారి, "సరే మరి, రాయి" అన్నాడు. పేరు, చిరునామా, డిగ్రీ, మార్కులు రాశాను. నాలుగు వరసలు. మిగతా కాగితమంతా తెల్లగా నా మొహంలోకి చూస్తోంది.

"ఇగ ఏం లేదు బాపు" అన్నాను.

"లేకుండుడేంది? ఎండకాలం రెండు నెలలు కమాన్‌పూర్ దిక్కు తిరిగినవు గద, రాళ్లు ఏరుకుంట. మంచం కింద అవ్వకు ఊడ్వ జాగ లేకుండ నింపినవు. ఒక్కొక్కదానికి నంబరు రాసి, ఏది ఎంత లోతుల దొరికిందో నోట్‌బుక్కుల ఎక్కిచ్చినవు. అది పని గాదా?"

అది పని అని నాకెప్పుడూ తోచలేదు. రాశాను.

"కాలేజీల రాయిని పలుసగ అరగదీసే మిషిని ఖరాబైతె మెకానిక్ కోసం సూడకుండ నువ్వే సదిరినవు."

"నీకెట్ల తెలుసు?"

"అవ్వకు చెప్తుంటె ఇన్న. నేను పండుకున్ననుకున్నవు. ఆ చిన్న తరగతి పోరగాండ్లకు నువ్వే ప్రాక్టికల్సు చెప్పినవు, సారు రానప్పుడు. అదీ రాయి. ఇంకా..." ఇలా బాపు చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. ఏ నెలలో ఏం చేశానో, ఎన్నిసార్లు చేశానో, ఎక్కడ తప్పు పోయి మళ్లీ చేశానో అన్నీ ఆయనకు తెలుసు. పేజీ నిండింది. బాపు ఉండకూడని ఆ పేజీలో ఒక్క వాక్యం కూడా నేను సొంతంగా రాసింది కాదు. ఇప్పుడు క్లాసులో 'మీరు చేసిన పని రాయండి, పెద్ద పెద్ద మాటలు రాయకండి, ఎక్కడ చేశారో ఎంత చేశారో రాయండి, ఒక్క పేజీ చాలు' అని నేను చెప్పే పాఠమంతా ఆ బెంచీ మీద విన్నదే. పిల్లలు దాన్ని నా పాండిత్యం అనుకుంటారు. నేనూ కాదనను.

మేడమ్ ఆ పేజీ రెండుసార్లు చదివి, రాళ్ల గురించి ముప్పావుగంట అడిగింది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం నాదే. అవ్వ మూడు లైన్ల క్వార్టర్లకు చెప్పొచ్చింది. నేను, బాపు అర్జీ కాకకు చెప్పడానికి వెళ్లాం. ఆయన చాలా సంతోషించి (తన నాలుగు పేజీల వల్లనే వచ్చిందని ఆయన నమ్మకం, మేం కాదనలేదు) ట్రంకు పెట్టెలోంచి తేదీ లేని ఆ రెండో అర్జీ తీసి నా చేతికిచ్చాడు. "ఇగ దీంతోని పని లేదు బిడ్డా, చింపెయ్."

చింపే ముందు ఒకసారి చదివాను. రెండు మోకాళ్లు వంగవు. ఎడమ చెవి వినపడదు, కప్పు నుంచి చప్పుడొస్తే తోటివాళ్లు చెయ్యిపట్టి లాగాల్సి వస్తోంది. షిఫ్టు ముగిసి గనిలోంచి పైకి వాలు ఎక్కేటప్పుడు నాలుగుచోట్ల కూర్చోవలసి వస్తోంది. "ఎంత మంచిగ కల్పించినవు కాకా" అన్నాను నవ్వుతూ.

కాక నా వంక వింతగా చూశాడు. "నేనెందుకు కల్పిస్త? మీ బాపు చెప్పింది చెప్పినట్టు రాసిన. ఇంకా కొన్ని రాయొద్దన్నడు."

నేను బాపు వైపు తిరిగాను. బాపు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. "బాపు, ఇది పెట్టు. బాయి నౌకరి నాకొద్దు గని, నువ్వు ఇంటికాడ కూసో" అన్నాను. ఆ మాట గట్టిగా అన్నానని అనుకోవడం నాకిష్టం. నిజంగా గట్టిగా అని ఉంటే ఇంకోసారి కూడా అనేవాణ్ని.

బాపు నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "నీకు నౌకరి రావాలెననే గద ఈ కాయిదం. నీకు నౌకరి అచ్చింది, ఇగ నేను ఫిట్టే" అన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టుకు వెళ్లాడు. ఆ తర్వాత నాలుగేళ్లు వెళ్లాడు, నేను హైదరాబాదులో చల్లటి గదిలో గని కప్పు ఎందుకు కూలుతుందో చదువుకుంటున్నంత కాలమూ. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాణ్ని ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, అంత ఓపిక కూడా లేదు, చిన్నగా నవ్వొస్తుంది. బాపు అన్న మాట వాడికి ఎంతో హాయిగా ఉంది, అందుకని నమ్మేసి పకపకా నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. కాక నవ్వలేదన్న సంగతి వాడు గమనించడానికి చాలా ఏళ్లు పట్టింది.