లక్ష్మీనారాయణకు పది సెకండ్లు

లక్ష్మీనారాయణ నేరుగా అసలు సంగతికి వచ్చిన రోజు ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఎవరింటికి ఏ పనిమీద వెళ్ళినా ముందు "బువ్వ తిన్యారా?" అనేవాడు. తిన్నామంటే ఏం కూర అనేవాడు. తర్వాత పిల్లలు, వాన, ఆ ఇంటి ముసలమ్మ మోకాళ్ళు. చివరికి అవతలివాళ్ళే విసిగి "ఏం పనిమీద వచ్చినావప్పా?" అంటే, "ఏంలే, ఊరికే" అని తువ్వాలు దులుపుకుని లేచేవాడు. వచ్చిన పని మరిచిపోయేవాడనుకుంటే పొరపాటు. పని బాగా గుర్తుండేది. అడగడానికే సిగ్గు.

ఒక ఏడాది పెద్దవాన పడి మగ్గం గుంతలోకి నీళ్ళు దిగాయి. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. భార్య ప్రమీల బిందెతో తోడిపోస్తూ, "పోయి మద్దమ్మక్కను పిల్చుకోని రాపో, బకీట్లు తెమ్మను" అని మొగుణ్ణి తరిమింది. ఎదురింటి మద్దమ్మ అప్పుడు జొన్నరొట్టెలు కాలుస్తోంది. లక్ష్మీనారాయణ గడపలో నిలబడి తిన్యారా అన్నాడు. ఆమె కూర్చోమంది. కూర్చున్నాడు. రొట్టె పెట్టింది. వద్దంటే ఏమనుకుంటుందోనని తిన్నాడు. చేయి కడుక్కుంటూ ఉండగా వీధి అవతలినుంచి ప్రమీల కేక వినబడింది. అప్పటికి తొక్కుడు కర్రలు మునిగిపోయాయి.

"కొంప మునుగుతాంటే మా ఇంట్లో రొట్టె తిని పోయినాడమ్మా ఈయప్ప! ఉల్లిగడ్డ గూడా అడిగి ఏయించుకున్యాడు" అని మద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఉల్లిగడ్డ అడగలేదని ప్రమీల వాదన. అడిగే మనిషే అయితే తనకు ఈ బాధలెందుకు?

గోనెగండ్లలో పెళ్ళిచూపులనాడూ అంతే. ఉగ్గాని, బజ్జీలు తిని, పిల్ల తండ్రిని మూడుసార్లు "మీరు తిన్యారా" అని అడిగి వచ్చేశాడు. పిల్ల నచ్చిందో బజ్జీ నచ్చిందో వాళ్ళకు అంతుపట్టలేదు. చివరికి పక్క మగ్గం మీద నేసే స్నేహితుడు రామాంజి మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, "మాయన్నకు పిల్ల నచ్చింది. నోరే రాల్యా" అని చెప్పి వచ్చాడు. అప్పటినుంచి లక్ష్మీనారాయణ మాటలన్నీ రామాంజి నోటివెంటే వచ్చేవి. నూలు బాగాలేదని షావుకారుతో చెప్పాలన్నా, పండక్కి ముందు రెండు రోజులు సెలవు కావాలన్నా లక్ష్మీనారాయణ దిక్కులు చూసేవాడు, రామాంజి అడిగేవాడు. ఆ రామాంజి మగ్గం వదిలేసి ఆదోనిలో బట్టలంగట్లో పనికి కుదిరాక, లక్ష్మీనారాయణకు నాలుక ఉండీ లేనట్టయింది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఈయన దేవుణ్ణి కూడా గట్టిగా అడిగి ఉండడని ప్రమీల అనుమానం. నైవేద్యం అయిందా స్వామీ అని పలకరించి వచ్చేసి ఉంటాడు.

ప్రమీలది మొగమ్మీద మాట. మనసులో ఉన్నది నోట్లో ఆగదు. బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. పప్పు పలచగా ఉందన్న సారుతో "నీళ్ళు నేను పోసినా, పప్పు మీరు ఇయ్యల్ల" అనగలిగిన మనిషి. ఇలాంటి ఇద్దరిని ఒక ఇంట్లో కట్టేసినవాడెవడో వాడికి హాస్యం తెలుసు.

పోయిన ఏడు లక్ష్మీనారాయణకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పట్టు తప్పాయి. మూతి కొంచెం పక్కకు పోయింది. అసలే నిదానం, ఇప్పుడు ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు వచ్చేది. మగ్గం ఆగిపోయింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు, మగ్గం పక్కన కూర్చునేవాడు. ప్రమీల పొద్దున బడికి పోతే మూడు దాటాక వచ్చేది. పోకపోతే పొయ్యి వెలగదు.

ఒకరోజు ఆమె వచ్చేసరికి ఆయన పెరట్లో తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. పడ్డాడు, లేవలేకపోయాడు. ఎండ ఆయన మీదుగా దాటి గోడెక్కింది.

"ఎదురుగా మద్దమ్మక్క ఉండాది గదా, యాంటికి పిల్వలేదు?"

"అక్క పడుకోని ఉంటాదేమో అని..."

ప్రమీల ఆ రాత్రి తిట్టిన తిట్లు వీధికంతా వినబడ్డాయి. ఏడ్చిన ఏడుపు మాత్రం ఎవరికీ వినబడలేదు.

పడితే మనుషుల్ని పిలిచే పెట్టె ఒకటుందని బడిలో టీచరమ్మ చెప్పగా ఆమె విన్నది. ఆదోనిలో ఫోన్ల అంగడి పెట్టుకున్న చంద్రశేఖర్ దాన్ని తెచ్చి బిగించాడు. చిన్న తెల్ల పెట్టె. లోపల సిమ్ము. మెడలో వేసుకోవడానికి తాడుకు కట్టిన ఎర్ర మీట. మీట నొక్కితే పెట్టె తనంతట తాను ఫోన్ చేస్తుంది. మొదటివాళ్ళు ఎత్తకపోతే రెండోవాళ్ళకు, వాళ్ళూ ఎత్తకపోతే మూడోవాళ్ళకు. ఎత్తినవాళ్ళకు ముందే పలికి పెట్టిన మాట ఒకసారి వినిపించి ఆగిపోతుంది.

"ఏమప్పా, ఈ వయసులో లింగం కట్టుకున్యావా?" అంది మద్దమ్మ ఆయన మెడలో మీట చూసి.

చంద్రశేఖర్ పెట్టెను ఆయన మూతి దగ్గర పట్టుకున్నాడు. "పది సెకండ్లే అన్నా. 'నేను పడినాను, బిన్నా రాండి' అనల్ల. అంతే."

"ఎవరితో అనల్ల?"

"ఎవురెత్తితే వాళ్ళతో."

"ఎవురో తెలీకుండా ఎట్లంటామప్పా? పెద్దోళ్ళెవురన్నా ఎత్తితే?"

మొదటిసారి పది సెకండ్లూ గొంతు సవరించుకోవడానికే సరిపోయాయి. రెండోసారి "ఇప్పుడు అనల్లా?" అని చంద్రశేఖర్‌ను అడగడంతో ఆగింది. మూడోసారి నిజంగానే ప్రయత్నం చేశాడు. నుదుట చెమట పట్టింది. చంద్రశేఖర్ వినిపించాడు.

"నేనప్పా... లక్ష్మీనారాయణ... బాగుండారా... బువ్వ తిన్యారా... ఏంలే... ఊరికే..."

అక్కడ టిక్కుమని ఆగిపోయింది.

మద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది. "ప్రాణం మీదికొచ్చినా ఏంలే ఊరికే అంటాడమ్మా ఈయప్ప!" అని, వెంటనే నాలుక కరుచుకుంది. లక్ష్మీనారాయణ కూడా నవ్వాడు, మూతి పక్కకు పోయిన నవ్వు.

"నువ్వన్నా చెప్పక్కా" అని చంద్రశేఖర్ పెట్టె ప్రమీల ముందు పెట్టాడు.

ప్రమీల దర్జాగా అందుకుంది. "మా ఆయన" అంది. ఆగిపోయింది. తర్వాతి మాట 'పడినాడు'. పొద్దు గూకే వేళ. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఎవరి ముందైనా ఏ మాటైనా అనే ఆ నోటికి ఆ ఒక్క మాట రాలేదు. "నా నోటితో నేననను పో. నువ్వే చెప్పరాదా?"

"నా గొంతయితే లోను ఇస్తామనే కంపెనీ వాళ్ళనుకోని కట్ చేస్తారక్కా."

అంతలో కరెంటు పోయింది. వచ్చే వారం వచ్చి మారుస్తానన్నాడు చంద్రశేఖర్. ప్రమీల తేల్చేసింది: "ఉండనీలే. ఈయన గొంతు ఇనపడితే పడినాడని లెక్క. పరిగెత్తల్ల, అంతే. ఏమక్కా?" మద్దమ్మ తల ఊపింది.

నంబర్లు ఎక్కించేటప్పుడు మొదట ప్రమీలది పెట్టారు. రెండోది మద్దమ్మది కావలసింది. కాని ఆమెకు తన నంబరు తెలియదు. ఫోను తేవడానికి ఇంట్లోకి పోయింది. ఆలోగా లక్ష్మీనారాయణ కళ్ళు మూసుకుని రామాంజి నంబరు చెప్పేశాడు, ఒక్క అంకె తడబడకుండా.

"ఆదోనిలో ఉండే మనిషి ఏం చేస్తాడు?" అంది ప్రమీల.

"వాడికి తెలిస్తే... ఊరంతా పిలుస్తాడు. నేను చెప్తాలే వానికి."

మద్దమ్మది మూడోదయింది. మీట నొక్కి చూశారు. ప్రమీల ఫోను మోగింది. ఎత్తింది. "బువ్వ తిన్యారా" అంది ఫోను. "తింటిలే" అంది ప్రమీల. అందరూ మళ్ళీ నవ్వారు. మిగిలిన రెండూ చూడవద్దా అంటే, ఒకరు ఎత్తితే ఇంక ముందుకు పోదక్కా అన్నాడు చంద్రశేఖర్.

ఆదివారం లక్ష్మీనారాయణ రామాంజికి ఫోన్ చేశాడు. వంటింట్లోకి వినబడుతూనే ఉంది. బువ్వ అయింది, కూర అయింది, ఆదోనిలో వాన అయింది, అంగట్లో గిరాకీ అయింది. అప్పుడే పంపు నీళ్ళు వచ్చాయి. ప్రమీల బిందెలు తీసుకుని పరిగెత్తింది. తిరిగి వచ్చి అడిగింది:

"చెప్పినావా?"

"ఆఁ... మాట్లాడినా."

మాట్లాడడం వేరు, చెప్పడం వేరు. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషికి అది తట్టవలసింది. చంకలో నిండు బిందె ఉంది. తట్టలేదు.

చంద్రశేఖర్ ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. ప్రమీలా పట్టుబట్టలేదు. అప్పుడప్పుడు చేయి తగిలి మీట నొక్కుకుపోయినప్పుడు బడిలో ఆమె ఫోను మోగేది. పరిగెత్తుకొచ్చేది. ఆయన మగ్గం పక్కన కూర్చుని తప్పు చేసిన పిల్లవాడిలా చూసేవాడు. ఆమె తిట్టేది. తిడుతూనే ఒక గ్లాసు టీ పెట్టిచ్చి పోయేది. పైకి ఒప్పుకోదుగాని, ఫోనులో ఆ "బువ్వ తిన్యారా" ఆమెకు బాగానే ఉండేది. కొత్తలో ఆయన అలాగే అడిగేవాడు.

ఆ రోజు బడిలో గుడ్లు ఉడికించే రోజు. పొయ్యి హోరు, పిల్లల గోల. ఫోను సంచిలో, సంచి మేకుకు. మధ్యాహ్నం పిల్లలు తిన్నాక చూసుకుంటే పెట్టె నుంచి వచ్చి ఎత్తని ఫోను ఒకటి ఉంది. చేయి కడగకుండానే పరిగెత్తింది.

లక్ష్మీనారాయణ మగ్గం గుంత అంచున పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. మీట ఎడమ గుప్పిట్లో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెను చూశాయి. పెదవులు కదిలాయిగాని మాట రాలేదు. మద్దమ్మా, ప్రమీలా కలిసి ఆటోలో వేసుకుని ఊళ్ళో ఆసుపత్రికి, అక్కణ్ణుంచి కర్నూలుకు తీసుకుపోయారు. కొంచెం ముందు తెచ్చి ఉంటే అన్నాడు డాక్టరు. రెండు రోజులు ఉన్నాడు. మూడోనాడు తెల్లవారి ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ప్రమీలకు ఒకటే అర్థం కాలేదు. తాను ఎత్తలేదు, నిజమే. ఆ గుడ్లు, ఆ సంచి, ఆ మేకు జన్మలో మరవదు. కాని తాను ఎత్తకపోతే పెట్టె రామాంజికి చేయాలి, ఆయనా ఎత్తకపోతే మద్దమ్మకు చేయాలి. మద్దమ్మ ఆ పొద్దంతా ఫోను చేతిలో పెట్టుకునే ఉంది. "నాకు రాల్యా పిల్లా, దేముని మీద ఒట్టు" అని ఏడ్చింది. అయితే పెట్టె చెడింది. ప్రమీల పెట్టెను తిట్టింది, రాకుండా పోయిన చంద్రశేఖర్‌ను తిట్టింది, ఎవరూ లేనప్పుడు తనను తాను తిట్టుకుంది.

దినం నాడు రామాంజి వచ్చాడు. అంత్యక్రియల రోజు జనంలో వెనక నిలబడి ఏడ్చి పోయినవాడు, ఈసారి ముందుకు వచ్చి చాపమీద కూర్చున్నాడు. నలుగురూ లక్ష్మీనారాయణ మంచితనం చెప్పుకుంటున్నారు. మద్దమ్మ రొట్టె కథ మొదలుపెట్టి, ఉల్లిగడ్డ దగ్గర ఆపేసింది.

"నన్నడగండి ఆయన సంగతి" అన్నాడు రామాంజి. "వదినా, ఆ పొద్దు గూడా నాకు ఫోన్ చేసినాడు. తెల్సునా నీకు?"

ప్రమీల తలెత్తింది.

"ఏదో కొత్త నంబరు. అంగట్లో గిరాకీ ఉండారు, చీరలు పరిచిండా. ఎత్తితే ఆయనే. బాగుండారా, బువ్వ తిన్యారా అంటాడు! నన్ను పట్టుకోని 'తిన్యావా' అనకుండా 'తిన్యారా' అంట వదినా. అంగట్లో ఉండానని మర్యాదిచ్చినాడేమో అనుకున్యా. నవ్వొచ్చింది. తిన్యానన్నా, నువ్వు తిన్యావా అంటి. ఏంలే, ఊరికే అని పెట్టేసినాడు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దు మీరిపోతాన్నా నేను తిన్యానా లేదా అని కనుక్కునేకి చేసినాడు సూడు. అట్ల ఎవురు చేస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు చీదారు. మద్దమ్మ నోరు తెరిచింది. ప్రమీల ఆమె చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

పెట్టె చెడలేదు. చేయవలసిన పని చేసింది. ఒకరు ఎత్తారు, ఆగింది.

ఇంతకాలం ఆయన చెప్పని మాటలన్నీ తెలుసుకున్న మనిషి రామాంజి. నూలు బాగాలేకపోతే ముఖం చూసి కనిపెట్టినవాడు, పిల్ల నచ్చిందని గోనెగండ్లకు బస్సెక్కిపోయినవాడు. ఆ ధైర్యంతోనే కదా ఆయన వీడికి చెప్పకుండా వదిలేసింది. 'అది ఫోను కాదప్పా, పడినానని పిలుపు. నువ్వు తిన్యానని పెట్టేస్తివి.' ఆ మాట ప్రమీల నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఆమె నోట్లో అంతవరకు వచ్చిన మాట ఏదీ ఏనాడూ వెనక్కి పోలేదు.

రామాంజి ఆమెనే చూస్తున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ ఫోనును ఎంత భద్రంగా దాచుకున్నాడో ముఖంలో కనబడుతోంది.

"రామాంజప్పా" అంది ప్రమీల.

"ఆఁ, వదినా."

మగ్గం పైన, గూట్లో, పెట్టెలో చిన్న దీపం ఇంకా వెలుగుతోంది. ప్రమీల ఒకసారి అటు చూసింది.

"బువ్వ తిన్యావా?"

"ల్యా వదినా. యాడ తినబుద్దయితాది?"

"దా, కూచ్చో."

ఆకు వేసింది. అన్నం వడ్డించింది, పప్పు పోసింది. రామాంజి రెండు ముద్దలు తిని చేయి ఆపాడు.

"వదినా, ఆ పొద్దు నాకు ఏమన్నా చెప్పల్లనుకున్యాడేమో?"

ప్రమీల గరిటె పప్పులో ముంచింది.

"ఏంలేదులే అప్పా. ఊరికే చేసింటాడు" అంది. "ఇంకింత పప్పు పొయ్యనా?"