పిన్నికి ముందే పాడేసిన ఏడుపు పాట

మొన్న మధ్యాహ్నం టీవీలో ఎవరో జపాను నటి పోయిందని చెబుతూ ఆవిడ పాత సినిమాల ముక్కలు కొన్ని చూపించారు. పాటలు కూడా పాడేదట. మాట అర్థం కాకపోయినా గొంతు బాగుంది. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింటుంటే, ఉన్నట్టుండి మా పిన్ని గుర్తొచ్చింది. నా ఈడువాళ్లకు తప్ప ఇప్పుడెవరికి చెప్పినా పట్టదు గానీ, మా అరకు కొండల్లోంచి మూకీ సినిమాలకు వెళ్లిన మనిషి ఆమె. పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. థింసా ఆడేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు ఊరికే పెదవులు కదిపేవారు. శృంగవరపుకోట సంతలో ఆ గొంతు విని ఓ నాటకాల కంపెనీవాళ్లు వెంట తీసుకెళ్లారు. అక్కడినుంచి మద్రాసు, గ్రామఫోను ప్లేట్లు, చివరికి సినిమా. అంత గొంతున్న మనిషిని మాటా పాటా లేని బొమ్మలో నిలబెట్టారు, అదేం తెలివో!

ఆ బొమ్మ శృంగవరపుకోటలో డేరా వేసి ఆడిస్తున్నారని తెలిసి, పసుపు అమ్ముకోవడానికి కొండ ఘాటీ దిగిన మా అమ్మమ్మ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. కథ చివర పిన్ని చచ్చిపోతుంది. చుట్టూ మనుషులు నోళ్లు తెరుస్తున్నారు, ఒక్కరి గొంతూ వినిపించదు. అది ఉత్త ఆటేనని అమ్మమ్మకు తెలుసు, అంత అమాయకురాలేం కాదు. అయినా తల్లి ప్రాణం కదా, "ఓలమ్మో, నా గుంటకి ఏడుపు పాట పాడీవోలే నేరేటి?" అంటూ లేచి, మా ఇళ్లలో పోయినవాళ్లకు పాడే పాట కూతురికి మొదటినుంచి చివరిదాకా పాడేసింది. డేరాలో జనం నవ్వారు.

మావాళ్లలో ఆ పాట మనిషికి ఒక్కసారే పాడతారు. పాడాక ఆ పేరు ఇంట్లో ఎత్తరు, ఆ మనిషికి ఇంటి పొయ్యి మీది కూడు పెట్టరు. సంగతి విని పెద్దలు తల పట్టుకున్నారు గానీ, పాడింది వెనక్కి తీసుకునే దారి ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడు సినిమా కంపెనీ మూతపడి, ఇక ఇంటిపట్టునే ఉంటానని పిన్ని తిరిగొచ్చింది. ఇదేమీ తెలియక నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లబోతే అమ్మమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుని జరిగింది చెప్పింది. "నానేటి సచ్చిపోనానేటే అమ్మా?" అంది పిన్ని. అమ్మమ్మ గుమ్మంలోంచి లేవలేదు. పక్కింటివాళ్లు చోడి అంబలి పోస్తే, పిన్ని అరుగు మీద కూర్చుని తాగి, చెంబు కడిగి బోర్లించి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఏడవలేదు. అమ్మమ్మా ఏడవలేదు. నాకైనా ఏడుపు రావాలి కదా అనుకున్నాను, రాలేదు. తిమ్మిరెక్కిన చెయ్యిలా లోపలంతా అలాగే ఉండిపోయింది.

చాలా ఏళ్లకు పిన్ని మద్రాసులో నిజంగానే పోయిందని కబురొచ్చింది. అమ్మమ్మ విని, పొయ్యిలోకి కట్టె తోసింది. ఎవరూ పాడలేదు, ఆమె పాట అయిపోయింది కదా.

ఇప్పుడు మా కొండల్లో ఎవరు పోయినా కిందినుంచి బ్యాండు మేళం వస్తుంది, అడిగినన్నిసార్లు వాయిస్తుంది, పోయినవాళ్ల పేర్లు పిల్లలకు పెట్టుకుని నోరారా పిలుచుకుంటారు. ఈ రోజుల్లో అయితే పిన్నిని లోపలికి రానిచ్చేవారు. మొన్న టీవీ కట్టేశాక, ఇంట్లో ఎవరూ లేరు కదా, ఒక్కసారి ఆమె పేరు పైకి అందామనుకున్నాను. నోరు రాలేదు.