వానుండాదా అని అడిగే మిత్రుడితో ఉదయగిరికి

నా ఉద్యోగం వర్షపాతం కొలవడం. ఉండేది నెల్లూరులో. మర్రిపాడు మెట్టలో సేద్యం చేసే నా హైస్కూలు మిత్రుడు పెంచలరెడ్డి వారానికి రెండుసార్లయినా ఫోన్ చేసి, "ఏందిరా, ఆడ వానుండాదా?" అని అడిగేవాడు. నేను మిల్లీమీటర్లలో జవాబు చెప్పేవాడిని. "సరేలే" అని పెట్టేసేవాడు. ఏళ్ల తరబడి మా సంభాషణ ఇంతే. ఒకసారి అతను నెల్లూరు వచ్చినప్పుడు, శ్రమ తగ్గుతుందని అతని ఫోన్‌లో వాతావరణం చూపే యాప్ ఒకటి పెట్టి ఇచ్చాను. ఆ తరువాత నాలుగు నెలలు అతని నుంచి ఫోన్ రాలేదు. మొదట యాప్ బాగా పనిచేస్తోందని సంతోషించాను. క్రమంగా సాయంత్రాలు ఫోన్ మోగినప్పుడల్లా ఆశగా పేరు చూసుకోవడం అలవాటయింది. మా మధ్య ఏదో తెగిందని తోచింది. ఆ మాట నేరుగా అడగడం చేతకాక, ఇంటికి చెక్క గరిటెలు కావాలనీ, అవి చెక్కే ఉదయగిరికి తోడు రమ్మనీ ఫోన్ చేశాను.

ఉదయం ఐదున్నరకు నెల్లూరులో బస్సెక్కితే ఏడు దాటాక ఆత్మకూరులో దిగాను. పెంచలరెడ్డి డిపో దగ్గర బైకు స్టాండులో పెట్టి నిలబడి ఉన్నాడు. "యాభై దాటినాయి. గరిటెలు కొనను గూడా తోడు కావాల్నారా నీకు?" అన్నాడు. ఇద్దరం దోసెలు తిని ఉదయగిరి బస్సెక్కాం. గంటకు పైగా ప్రయాణం. ఇద్దరికీ రానూపోనూ బస్సు, టిఫిను, భోజనం అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు.

గరిటెల పని మధ్యాహ్నానికి పెట్టుకుని, తొమ్మిది గంటలకు ఊరి పక్క కొండ మీది కోట ఎక్కడం మొదలుపెట్టాం. పైదాకా పోవాలంటే ఇంకా పెందలాడే రావాలి. మేము సగం దూరంలో ఒక పాత గోడ నీడన ఆగిపోయాం. మాట కలపాలని, పడమట మేఘం కడుతోందన్నాను. "చూసినాలే. యాప్ పెట్టిచ్చినావు గదా," అన్నాడు అతను, కొండల వైపు చూస్తూ. ఆ మాటతోనే లేచి దిగడం మొదలుపెట్టాడు.

భోజనం చేసి రెండు గంటలకు, గరిటెలు చెక్కే ఖాదర్ గారింటికి వెళ్లి పేర్లు చెప్పుకున్నాం. వాకిట్లో చెక్కపొట్టు మీదే కూర్చుని ఆకురాయితో ఒక గరిటె కాడను నున్నగా చేస్తున్నాడాయన. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఖాదరూ, కట్టె ఆరిందా?"

"యాడ మస్తాన్ భాయ్, ఇంకా లేదు."

నా వృత్తి బుద్ధి ఊరుకోలేదు. ఒక కట్టె ముక్క చేతిలోకి తీసుకుని, గాలిలో తేమ ఇలా ఉంటే ఇంకా పది రోజులైనా పడుతుందనీ, రోజూ వచ్చి చూసుకోనవసరం లేదనీ పెద్దాయనకు ఓపికగా వివరించాను. ఇద్దరూ నన్ను ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వారు.

"సార్, ఈయన కట్టె కొనేవాడు గాదు," అన్నాడు ఖాదర్. "లారీ తోలేది మానేసినప్పటి నుంచి దినామూ వచ్చి ఇదే అడుగుతాడు. ఒక దినం అడక్కపోతే నేనే పని ఆపి వాళ్లింటికి పోతా, ఎట్టుండాడో చూసొస్తా."

"ఆరిందంటే రేపొచ్చి నేనేం అడగాల?" అన్నాడు మస్తాన్.

పెంచలరెడ్డి మాత్రం నవ్వలేదు. ఒక గరిటెను అటూ ఇటూ తిప్పుతున్నాడు. అప్పుడు అడిగాను.

"పెంచలా, నెల్లూరు వానతో నీకేం పనిరా?"

"ఏం పని లేదు." గరిటె కింద పెట్టాడు. "నువ్వెట్టుండావో అని. నువ్వేమో యాప్ చేతిలో పెడితివి. విసుక్కుంటుండాడులే అనుకున్నా."

"నీకు శ్రమ తగ్గుతుందని పెట్టినానురా."

"ఎవురడిగినార్రా తగ్గించమని?"

"నాలుగు నెల్లుగా నీ ఫోన్ కోసం చూస్తా ఉండా," అన్నాను. ముప్పై ఐదేళ్ల స్నేహంలో అటువంటి మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

ఖాదర్ తల ఎత్తకుండానే, "ముందు ఆ యాప్ తీసేయండి రెడ్డిగారూ," అన్నాడు. అప్పుడు నవ్వాడు పెంచలరెడ్డి. కళ్లు తుడుచుకుంటూ, పొట్టు పడిందన్నాడు. నేనూ అదే చెప్పాను.

"ఇంతకీ గరిటెలు కావాల్నా నీకు?"

"అక్కర్లేదు."

"తెలుసులే."

అయినా చెరి రెండు కొన్నాం. ఆత్మకూరు చేరేదాకా బస్సులో అతని చెయ్యి నా భుజం మీదే ఉంది.

మగవాళ్లం చాలామందిమి ఒకరినొకరు నేరుగా పలకరించుకోం. వాననో కట్టెనో అడ్డం పెట్టుకుంటాం. ఆ అడ్డు తీసేస్తే మేలు చేసినట్టని నేను పొరబడ్డాను. మరుసటి సాయంత్రం ఫోన్ మోగింది. "ఏందిరా, ఆడ వానుండాదా?" కిటికీలోంచి చూశాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. "పడేట్టే ఉండాదిరా. నువ్వెట్టుండావు?" అన్నాను. నా వృత్తి జీవితంలో తెలిసి ఇచ్చిన తప్పుడు నివేదిక అదొక్కటే.

వెళ్లదలచిన వారికి ఒక సూచన. ఆ కొండ మీద మా ఫోన్లకు చాలా చోట్ల సిగ్నల్ అందలేదు. ఎవరికైనా చేయవలసిన ఫోన్ ఉంటే, ఎక్కకముందే చేసేయండి.