పాలరాతి చెవికి కన్నం

2023లో నేను డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లోని ఒక చిన్న కంపెనీలో త్రీడీ స్కానింగ్ ఇంజినీరుని. పాత కట్టడాలను, శిల్పాలను లేజర్‌తో కొలిచి కంప్యూటర్లో నమూనా తయారుచేయడం మా పని. ఆ ఏడాది మూర్తి అంకుల్ నాకొక పని అప్పగించారు. ఆయన మా కుటుంబానికి తెలిసినవారు, రిటైరైన ఈఎన్‌టీ డాక్టరు. కాన్సర్ ముదిరి, డ్రోహెడా ఆసుపత్రిలో మంచం దిగలేని స్థితిలో ఉన్నారు.

డబ్లిన్‌లో ఒక కాలేజీ అలమరాలో రోమన్ల కాలపు పాలరాతి తల ఉంది. మగవాడి ముఖం. రోమన్లు పాత రాయిని వృథా పోనిచ్చేవారు కారు. కూలిన గుడి స్తంభాలు కొత్త గోడల్లో చేరేవి. ఒకరి విగ్రహం ముఖాన్ని చెక్కేసి ఇంకొకరి ముఖంగా మలిచేవారు. ఈ తల మొదట ఒక ఆడమనిషిదని అంకుల్ వాదన.

"ఎడమ చెవి తమ్మెకి కన్నం ఉందయ్యా. ఇరవై ఏళ్ల కిందట గోరు పెట్టి చూశా. చెవులు మళ్లీ చెక్కడం కష్టమని వదిలేశారు. అది పోగు పెట్టుకున్న చెవి."

చెవుల డాక్టరుకి అన్నీ చెవులే కనిపిస్తాయని తెలిసినవాళ్లు నవ్వేవారట. పోయేలోగా ఆ మాట తేలిపోవాలని ఆయన కోరిక.

స్కాన్ చేశాను. లేజర్ సరిగా పడనిచోట నమూనాలో చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. వాటిని సాఫ్ట్‌వేరే పూడ్చేస్తుంది. దాన్ని హోల్ ఫిల్లింగ్ అంటాం. అలవాటు కొద్దీ ఆ బటన్ నొక్కి, శుభ్రమైన నమూనాను టాబ్లెట్‌లో పట్టుకెళ్లాను.

అంకుల్ చెవిని పెద్దది చేసి చూశారు. తమ్మె నున్నగా ఉంది.

"లేదేంటయ్యా?"

"లేదంకుల్. ఉంటే మా మెషీన్ పట్టుకుంటది," అన్నాను, కాస్త గొప్పగానే.

అంకుల్ పక్కనున్న తన భార్య లలితాంటీ వైపు తిరిగారు. "నేనే కలగన్నానేమోనే. ఎంతమందితో పోట్లాడానో."

పది రోజులకు పోయారు.

తరువాత ఫైళ్లు కాలేజీకి అప్పగించేముందు ఖాళీలు పూడ్చకముందరి మొదటి స్కాన్ తెరిచాను. ఎడమ తమ్మెలో గుండ్రటి ఖాళీ! పరుగున వెళ్లి, రాయి మీద టార్చి వేసి చూశాను. లోపల దుమ్ము పట్టిన కన్నం. స్కాన్ చేసినరోజే చూడవలసింది, చూడలేదు.

ఆంటీకి చెప్పడానికి డ్రోహెడా వెళ్లాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ టీ ఇచ్చి, అంతా విన్నారు.

"తన చేతిని కాదనుకుని నీ స్కాన్ నమ్మారు బాబూ," అన్నారు. నా కప్పు తీసుకుంటూ, "నేనూ నీ స్కానే నమ్మాను," అన్నారు.

ఆ రెండో మాట నన్ను ఇంకా వదల్లేదు. ఇప్పుడు ఏ చిన్న ఖాళీ కనబడినా, రాయి దగ్గరికి వెళ్లి చూడందే పూడ్చను. ముఖమంతా చెక్కేసిన ఆ శిల్పి కూడా ఆ రాతి ఆడమనిషికి ఆ ఒక్క కన్నం మిగిల్చాడు. నేను అదీ ఉంచలేదు.