మగవాళ్ల మీటింగులో రాజకుమారి

రాజకుమారి తాగుతుందని భావనపాడులో చాలాకాలం బయటికి పొక్కలేదు. ఆమె వీధిలో పడిపోలేదు, ఎవరితోనూ తగువుకు దిగలేదు. తెల్లారేసరికి ఒడ్డుకు వెళ్లి వేలంపాటలో చేపలు కొనుక్కునేది. గంపతో ఆటో ఎక్కి టెక్కలి వెళ్లి వీధివీధీ తిరిగి అమ్మేది. గంప మోసి మోసి మెడ, నడుము పీకేస్తుంటే తోటి ఆడవాళ్లు చూపించిన మందు అది. మొదట్లో సాయంత్రం ఒక్క గుక్క. మొగుడు సూరయ్య జబ్బు చేసి పోయాక పొద్దున్న కూడా కావలసి వచ్చింది. వాసన తెలియకుండా ఎప్పుడూ కిళ్లీ నములుతూ ఉండేది.

కూతురు హేమ పురిటికి వచ్చినప్పుడు గుట్టు బయటపడింది. ఓ మధ్యాహ్నం చంటిపిల్లను తల్లి ఒళ్లో పెట్టి స్నానానికి వెళ్లింది హేమ. తిరిగొచ్చేసరికి తల్లి గోడకు జేరబడి మొద్దునిద్రలో ఉంది. పిల్ల ఒళ్లోంచి జారి, మండుతున్న పొయ్యి పక్కన గుక్కపట్టి ఏడుస్తోంది. దెబ్బేమీ తగల్లేదు. పిల్లను ఎత్తుకుంటూ హేమ తల్లి మొహం మీదికి వంగింది.

"అమ్మా, తాగినావేటే?"

రాజకుమారి కిళ్లీ కోసం కొంగుముడి తడుముకుంది. ఆ సాయంత్రమే హేమ నౌపడలోని అత్తవారింటికి వెళ్లిపోయింది. "నా గుంటని నీ సేతికి మరియ్యను" అన్న ఒక్క మాటే అంది.

మర్నాడు రాజకుమారి పంతానికి ఒక్క చుక్క కూడా ముట్టలేదు. టెక్కలిలో రోజూ చేపలు కొనే రూబీ టీచరు గుమ్మంలో గంప దించుతుంటే చేతులు ఆగకుండా వణికాయి. రూబీ చేపల వైపు చూడలేదు.

"రాజకుమారప్పా, పొద్దున్న తాగనేదు కదూ?"

"నీకెవులు సెప్పేరు?" ఉలిక్కిపడింది రాజకుమారి.

"లారీ తోలే రోజుల్లో, తాగని పూట మా ఆయన సేతులూ ఇలాగే వణికీవి. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తట్టుకోదు. ముందు ఆసుపత్రికి పద."

డాక్టరు మాత్రలిచ్చి, కొన్నాళ్లు కనిపెట్టి చూశాడు. ఒంటి వణుకు తగ్గాక రూబీ ఇంకో మాట చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో తాగుడు మానినవాళ్లూ, మానాలనుకునేవాళ్లూ మీటింగుకి కూర్చుంటారు. తన భర్త ఏసుదానం ఒక్క వారం కూడా ఎగ్గొట్టడు.

"నన్ను మీ మతంలో కలిపేత్తారేటి?"

రూబీ నవ్వేసింది. "గదొక్కటే సర్చిది. అక్కడ అందరూ తాగుడుతో సెడినోళ్లే, అన్ని మతాలోళ్లూ."

ఆ ఆదివారం రాజకుమారి గుమ్మం దాకా వెళ్లింది. బయట ఉన్నవన్నీ మగవాళ్ల చెప్పులు. కిటికీలోంచి చూస్తే లోపలా అందరూ మగవాళ్లే. వెనక్కి తిరిగిన మనిషి తిన్నగా మద్యం షాపు సందులోకి వెళ్లింది.

పై వారం రూబీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో వదిలింది. లోపల తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. మోటార్లు బాగుచేసే గిరిబాబు అనే అతను లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, తాను కింద కూర్చున్నాడు. ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకున్నారు. ఆమె వంతు వచ్చింది.

"రాజకుమారి" అంది. ఆపైన కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"సాలమ్మా. ఈవేళకి పేరు సాలు" అన్నాడు ఏసుదానం.

చాలా వారాలు పేరుతోనే గడిచిపోయాయి. నడుమ అమ్మవారి పండగకి తోటివాళ్లతో కూర్చుని మళ్లీ తాగేసింది. సిగ్గుతో తల వంచుకుని వస్తే ఎవరూ ఏమీ అడగలేదు, జరిగి చోటిచ్చారు.

ఓ రోజు గిరిబాబు ఏడుస్తున్నాడు. తాను తాగి పడిపోయినా భార్య అన్నం మూత పెట్టి కనిపెట్టుకుని ఉండేదట. వింటున్న రాజకుమారికి ఎక్కడినుంచో కోపం ముంచుకొచ్చింది.

"మీకు అన్నం మూతెట్టినోళ్లున్నారు బాబూ. నాకెవులున్నారు? తాగీ వండినాను, తాగీ గంప మోసినాను, తాగీ మొగుడికి గంజి పట్టినాను. పని ఆగిపోతే అడుగుదురు. ఆగనేదు, అందుకే ఎవులూ అడగనేదు. నాకు నడుం నొప్పని ఆడికీ తెల్దు, నా కూతురికీ తెల్దు. ఒళ్లో సంటిది జారిపోయినా నాకు తెల్దు!"

ఆఖరి మాట తన చెవినే పడ్డాక కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గిరిబాబు మొహం తుడుచుకుని అన్నాడు:

"మా ఇంటిదానికి ఎక్కడ నొప్పో నానూ ఎప్పుడూ అడగనేదప్పా."

ఆ తర్వాతి వారాల్లో రాజకుమారి మాట్లాడటం మొదలుపెట్టింది. చేపలమ్మే ఆడవాళ్లలో ఒకామె మీటింగు గురించి గుట్టుగా అడిగితే తనతో తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ గదిలో ఆడవాళ్లు ఇద్దరు.

వేసవిలో ఒకనాడు నౌపడ వెళ్లింది. హేమ గుమ్మంలో నిలబడి తల్లిని తేరిపార చూసింది. లోపలికి పిలిచి చాప వేసింది. చాలాసేపటికి పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టింది. పెట్టి, అక్కడే ఎదురుగా కూర్చుంది.

"నీ పనేటో సూసుకోయే" అనబోయి రాజకుమారి మాట దిగమింగింది. "కూకో. నీకెంతసేపు కూకోవాలనుంటే అంతసేపు కూకో" అంది.

పిల్ల నిద్రపోయింది. హేమ కదల్లేదు.

"ఆదివారం మీటింగుకెల్తన్నావట. అక్కడ ఏటి సేత్తారే?"

"సెప్పుకుంటాం. ఇంటాం."

"నా గురించి సెప్పినావేటి?"

"సెప్పినాను. నా నడుం నొప్పి నీకూ తెల్దని."

హేమ కాస్త దగ్గరికి జరిగి, తల్లి నడుము వెనక దిండు పెట్టింది.